రదోయ్కో కాదన్న కుక్క

స్తనోయ్కా మా పేటకు ఉత్తరాలూ పింఛన్లూ సైకిలు మీద పంచేది. భర్త పోయాక నోరే ఆవిడకు తోడు. ఆ నోటికి జడిసి కుక్కలు కూడా దారి ఇస్తాయనేవాళ్లు మొరావా నది ఒడ్డు జనం. రదోయ్కో కుక్క మాత్రం ఇవ్వలేదు.

రదోయ్కోకు సిమెంటూ ఇటుకలూ అమ్మే కొట్టుంది. ఊరి వేటగాళ్ల సంఘానికి పెద్ద. గారో అనే నల్లటి వేటకుక్కను జీపులో ముందు సీట్లోనూ, పెళ్లాన్ని వెనక సీట్లోనూ కూర్చోబెట్టే ఘనుడు. ద్రాక్ష కోతల రోజుల్లో ఒక ఉదయం, ఆయన బార్లా తెరిచి వదిలేసిన గేటులోంచి గారో దూకి స్తనోయ్కా పిక్క పట్టుకుంది. కండ ఊడివచ్చింది. కుట్లు, సూదులు, నెలల తరబడి మంచం. ఇక సైకిలు తొక్కడం కుదరదన్నాడు డాక్టరు.

రదోయ్కో కాఫీపొడి పొట్లం పట్టుకుని పరామర్శకు వచ్చాడు. "ఏదో జరిగిపోయిందక్కా. మనలో మనకు కోర్టులెందుకు?"

"కాఫీ తాగితే పిక్క మొలుస్తుందా తమ్ముడూ?" అని ఆవిడ దావా వేసింది.

కోర్టులో ఆ మహానుభావుడు గారో తనది కాదన్నాడు. వీధికుక్కట. జాలిపడి అప్పుడప్పుడు రొట్టెముక్క విసిరేవాడట. ఎంగిలిచేత్తో కాకిని తోలని రదోయ్కో! పురపాలక సంఘానికి కట్టే రుసుము ఎగ్గొట్టడానికి కుక్కను ఎన్నడూ తన పేర రాయించలేదు కనుక కాగితమూ లేదు. సాక్ష్యానికి వచ్చిన ఇరుగుపొరుగు నీళ్లు నమిలారు. అందరూ అతని కొట్లో అరువు తెచ్చుకునేవాళ్లే. గారోతో కలిసి అడవిపందులను తరిమినవాడే లేచి, "ఈ కుక్కని నేనెప్పుడూ చూళ్లేదండీ" అన్నాడు.

యజమాని లేని కుక్క కరిస్తే బాధ్యత పురపాలక సంఘానిది. పరిహారం ఊరే కట్టాలని తీర్పు వచ్చింది. అంటే మా అందరి పన్నుల్లోంచి. ఆ సాయంత్రం రదోయ్కో కఫానాలో, అదే మా ఊరి తాగుడు కొట్లో, అందరికీ రకియా సారా పోయించాడు. సిగ్గులేని గొంతులు అతని ఆరోగ్యం కోరి మరీ తాగాయి.

డబ్బు పోయిన మంటతో పురపాలక సంఘం కుక్కల బండిని పంపింది. "వీధికుక్క కదండీ, తీసుకుపోతాం" అన్నారు వాళ్లు. రదోయ్కో గేటు పట్టుకుని నిలబడ్డాడు. గారో వెనక్కి తిరిగి తిరిగి చూసింది. బండి కదిలాక అతను గేటు మూశాడు.

కుక్కల శాలకు కుంటుకుంటూ వెళ్లి స్తనోయ్కా దాన్ని తన పేర రాయించుకుంది.

"మతి పోయిందా? నీ పిక్క పీకిన కుక్కే అది!" అన్నాను.

"గేటు తెరిచి పెట్టింది అది కాదుగా. పైగా కోర్టుకొచ్చి అబద్ధమూ ఆడలేదు."

వేటకాలం రాగానే రదోయ్కో ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "నా గారోని ఇచ్చెయ్యక్కా. ఎంతడిగితే అంతిస్తా."

"నీ గారోనా? ఆ ముక్కే జడ్జిగారి ముందు అను. అక్కణ్ణుంచే తోలుకుపో."

ఆ ముక్క అంటే పరిహారం నెత్తిన పడుతుంది, దొంగసాక్ష్యం కేసు మెడకు చుట్టుకుంటుంది. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. వేటగాళ్ల సంఘం పెద్దగా మాత్రం ఈ ఏడూ అతన్నే ఎన్నుకున్నారు మావాళ్లు.

స్తనోయ్కా ఇప్పుడు పోస్టాఫీసులో కూర్చుని ముద్రలు వేస్తుంది. చలికి కాలు లాగుతుంది. గారో ఇప్పటికీ ఆవిడను చూసి ఒక్కోసారి గుర్రుమంటుంది. ఆవిడా తిరిగి గుర్రుమంటుంది. సాయంత్రాలు దాని మూతికి బుట్ట తొడిగి, పనిగట్టుకుని ఆ సిమెంటు కొట్టు ముందునుంచే తిప్పుతుంది. కుక్క తోక ఊపుతుంది. రదోయ్కో బస్తాల వైపు తిరిగి నిలబడతాడు.