ఎనుము, ఏనుగు

పందొమ్మిది వందల నలభైల్లో పూతలపట్టు దగ్గర ఒక పల్లె బడికి నన్ను వేసినారు. అప్పుడే ట్రైనింగు ముగించుకొని వచ్చినాను, ఉడుకు రక్తం. ఒకటో తరగతి పిల్లకాయలు అక్షరాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు. మధ్యలో ఒకటి రాసి చూపిస్తే మాత్రం బిక్కమొగాలు!

ఒకనాడు పాఠం జరుగుతుండగా ఒక ఎనుము, అదే బర్రె, వాకిట్లో నిలబడి తల లోపలికి పెట్టింది. "ఎనుమొచ్చె! ఎనుమొచ్చె!" అని ఒకటే గోల. తోలబోయినవాణ్ణి ఆగిపోయినాను. సుద్దముక్క తీసి గోడమీద ఇంత పెద్ద 'ఎ' రాసినాను.

"దాని పేరులో ముందు ఏమొస్తాది?"

"ఎ...!" ఇల్లెగిరిపోయేటట్టు అరిచినారు. ఆ అక్షరాన్ని మళ్లీ ఒక్కరూ మరిచిపోలేదు.

మర్నాటి నుంచి చూడాల! ఒకరు మేకపిల్లను చంకనెత్తుకొని వస్తే, ఇంకొకరు కోడిని బుట్టలో మూసి తెచ్చినారు. మా హెడ్మాస్టరు పెద్దయ్యవారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇది బడా, సంతా అబ్బా?"

అయితే 'ఏ' దగ్గర బండి నిలిచిపోయింది. ఎ, ఏ రెండూ వాళ్లకు ఒకటే. ఆ పిల్లకాయలెవరూ ఏనుగును చూడలేదు. నేను బొమ్మ గీస్తే, "పంది కదా అయ్యోరా?" అన్నారు.

అట్లుండగా ఒక పొద్దున రోడ్డుమీద గంట మోగింది. తిరుపతి వైపు పోతావున్న గుడి ఏనుగు! పిల్లకాయలకంటే ముందు నేనే పరిగెత్తినాను.

"ఒక్క నిమిషం ఆపప్పా! మావాళ్లు చదువుకోవాల!"

"ఏనుగును చదువుతారా సామీ?" అని మావటివాడు నవ్వి ఆపినాడు. ఏనుగు తొండం పైకెత్తింది. పిల్లకాయలు కేకలేస్తావుంటే, బడిలో ఎప్పుడూ నోరు తెరవని ఒక పాప దుమ్ములో చతికిలబడి పుల్లతో 'ఎ' రాసింది. తలెత్తి ఏనుగును చూసింది. అక్షరం పైన ఒక గీత ఎగదీసింది.

"అయ్యోరా, సూడండి! ఎనుము తొండమెత్తితే ఏనుగు!"

అంతే, తలా ఒక పుల్ల ఏరుకొని రోడ్డంతా ఏ, ఏ, ఏ! బడి ఖాళీ అయిందని కోపంతో రొప్పుతా వచ్చిన పెద్దయ్యవారు దుమ్ములోకి వంగి చూసినాడు. కోపం యాడికి పోయిందో, ఆ పాపను ఎత్తుకొని ఏనుగు తొండం ముట్టించినాడు.

తిరిగి బడికి నడుస్తావుంటే మెల్లిగా అడిగినాడు: "రేపు 'ఒ' కు ఏం తెస్తావబ్బా?"

"ఒంటె సార్" అన్నాను.

ఆయన అట్లే నిలబడిపోయి కడుపుబ్బ నవ్వినాడు. నేను మాత్రం నిజంగానే ఒంటె యాడ దొరుకుతుందా అని ఆలోచిస్తా ఉండాను.