సలూద్ గొంతు, పైవి కాలు

మా త్రియానా పేటలో సలూద్‌ని అందరూ పాటగత్తె అంటారు. ఆవిడ మాత్రం తాను చుర్రోలు అమ్ముకునేదాన్నని చెబుతుంది. రెండూ నిజమే. పొద్దున్న పదకొండు దాకా మార్కెట్ పక్కన బడ్డీలో మరిగే నూనెలోకి పిండి చుట్టలు ఒత్తుతుంది. ఆ తర్వాత ఒంటిమీది నూనె వాసనతోనే మా ఫ్లమెంకో నాట్యం బడికి వచ్చి, దేశదేశాల నుంచి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ కాళ్ళకి పాడుతుంది. పక్క కుర్చీలో గిటార్ పట్టుకుని కూర్చునే ఫెర్మిన్‌ని నేను. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాసనా, ఆ కాళ్ళూ నా పాలబడ్డాయి.

పంతొమ్మిదో ఏట సలూద్ ఒక్కసారి వేదిక ఎక్కింది. ఆడినవాడు అప్పట్లో పెద్ద పేరున్నవాడు. మా పద్ధతిలో పాట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఆడేవాళ్ళ కాలే చెబుతుంది. వాళ్ళు గట్టిగా తట్టారంటే పాడేవాళ్ళు నోరు మూసుకోవాల్సిందే. అయితే చరణం సగంలో ఉండగా తట్టకూడదు. అది అన్నం తింటున్నవాడి ముందునుంచి కంచం లాగేయడం లాంటిది. ఆ మహానుభావుడు లాగేశాడు. "నీ వీధికి రానని ఒట్టేసింది నేను" అని సలూద్ ఎత్తుకుందో లేదో, చప్పట్ల ఆత్రం కొద్దీ టపటపా తట్టి ముగించేశాడు. "నా చెప్పులు కావు" అన్న రెండో సగం ఆ పిల్ల గొంతులోనే ఉండిపోయింది. జనం అతనికి చప్పట్లు కొట్టారు. సలూద్ దిగిపోయింది, మళ్ళీ ఎక్కలేదు. అతను పోయినప్పుడు పూలచక్రం పంపింది, రిబ్బను మీద ఆ మొదటి సగం మాత్రం రాయించి. అతని భార్య అది చదివి ఎంతో కదిలిపోయిందట.

ఇక మా బడికి వచ్చేవాళ్ళు రోజుకి పదిసార్లు ఆవిడ కంచం లాగేవాళ్ళే. పాపం, వాళ్ళకి భాష రాదు, చరణం ఎక్కడ ముగిసిందో తెలీదు. ఊరుకుంటే డబ్బు దండగ అనుకుంటారేమో, ఒకటే తట్టుడు. సలూద్ వాళ్ళని తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. వాళ్ళేమో అవి పాటలో భాగమనుకుని నోట్సు రాసుకునేవారు.

పోయిన చలికాలం పైవి అనే ఆవిడ వచ్చింది. ఫిన్లండ్‌లో పళ్ళ డాక్టరు. యాభై మూడేళ్ళు, తాటిచెట్టంత మనిషి. మూడో క్లాసులో సలూద్ పాడుతుంటే చెయ్యెత్తి, "ఆ మాటకి అర్థం ఏంటి?" అని అడిగింది. నా సర్వీసులో అది అడిగిన మొదటి మనిషి ఆవిడే. సలూద్ పాట తనే ఆపి ఆవిడ వైపు తిరిగింది. అదీ మొదటిసారే.

"నువ్వు భాషల బళ్ళో నేర్చుకునే స్పానిష్‌తో బ్యాంకులో ఫారం నింపుకోవచ్చే అమ్మాయ్. పోట్లాడ్డానికి పనికిరాదు. రేప్పొద్దున్న బడ్డీకి రా," అంది.

పైవి రోజూ వెళ్ళింది. చుర్రోలు తింటూ, ఒక్కో చరణం అర్థం అడుగుతూ, మధ్యలో సలూద్ దంతాల సంగతి కూడా చూసింది. వసంతం వచ్చేసరికి చేపలవాడితో పోట్లాడి నెగ్గింది. భాష వచ్చింది. కాలు మాత్రం రాలేదు. తాళానికీ ఆవిడకీ జన్మవైరం.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం బడి పెరట్లో వార్షిక ప్రదర్శన. పాడాల్సినవాడికి గొంతు పోయింది. బడి నడిపే అంపారో సలూద్ చేతులు పట్టుకుంది.

"అక్కా, నువ్వే కాపాడాలి. ఆడేది ఐదుగురు, తలా రెండు చరణాలు, అంతే!"

"పాడతా. కానీ నా చరణం మధ్యలో ఎవతి కాలు చప్పుడైనా సరే, లేచిపోతా. మళ్ళీ నీ గడప తొక్కను. ఇదే చెబుతున్నా."

ఆవిడ చెప్పిందంటే చేస్తుంది. పైగా మొదట ఆడేది పైవి.

పైవి చేతులెత్తి నిలబడింది. సలూద్ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. అదే చరణం. ఒట్టు దాటింది, చెప్పులదాకా వచ్చింది, పూర్తయింది. పైవి కదల్లేదు. రెండో చరణం. అదీ పూర్తయింది. ఇక పైవి తట్టాలి. తట్టలేదు. సలూద్ ఒక కన్ను తెరిచి ఆ కాలి వంక చూసింది, చెంపదెబ్బ కోసం ఎదురుచూసే పిల్లలా. కాలు లేవలేదు. కన్ను మూసి మూడోది ఎత్తుకుంది.

నాలుగు, ఐదు. ప్రతి చరణం చివరా ఆ కన్ను తెరుచుకోవడం, ఆ కాలు చూడటం. నా వేళ్ళు వాచిపోతున్నాయి. పైవి అంతా మర్చిపోయి కొయ్యబారిందనుకున్నాను. అంపారో కూడా అలాగే అనుకుని తలుపు చాటునుంచి బుసకొట్టింది.

"తట్టవే మొద్దూ! ఇంకా నలుగురున్నారు!"

ఆరో చరణం మధ్యలో తట్టేద్దామని అంపారో తనే కాలెత్తింది. పైవి ఎత్తిన చేతుల్లో ఒకదాన్ని దించి, ఆవిడ వైపు వేలు చూపించింది.

"నేను పళ్ళ డాక్టర్ని. తెరిచిన నోరు ఎవరిదైనా, పనయ్యేదాకా మూయించను. కాలు దించండి."

వ్యాకరణం ఒక్క తప్పు లేదు. అంపారో కాలు దించింది.

తొమ్మిది చరణాలు పాడింది సలూద్. నలభై నాలుగేళ్ళుగా ఎక్కడ దాచిందో, అందులో సగం నేనెప్పుడూ వినలేదు. వెనక వరసలో మాంసం కొట్టు ముసలాయన టోపీ తీసేశాడు. నేను ఏడ్చాను. ముక్కు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. చివరికి ఆవిడ కళ్ళు పూర్తిగా తెరిచింది.

"అయిపోయాయే తల్లీ. ఇంక లేవు. ఇప్పుడు తట్టు."

పైవి తట్టింది. పన్నెండు దెబ్బల తాళంలో ఎక్కడ తట్టకూడదో సరిగ్గా అక్కడ. సలూద్ నా వైపు గుడ్లురిమి చూసింది, నేను తాళాన్ని పట్టుకుని వేలాడతానేమోనని. నేను వదిలేశాను. ఆవిడ చప్పట్లతో, నేను గిటార్‌తో, ఆ తప్పు కాలి వెనకే ఇద్దరం వెళ్ళాం.