లింబయ్య నాలుక

ఎవరింటికి వెళ్ళినా కుర్చీని నాకి చూడనిదే కూర్చోని మనిషి బోధన్ మొత్తంలో ఒక్క లింబయ్యే. చెయ్యి ఆనే చోట నాలుక పెట్టి, ఉమ్మి, "థూ! డబ్బా రంగు!" అని మండిపడి, వచ్చిన పని నిలబడే ముగిస్తాడు. పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా తీసుకెళ్తే పిల్లవాడి సంగతి అడగడం మరిచి సోఫాతో తగాదా పెట్టుకొచ్చాడు.

ఆయనది కొయ్యకు రంగులేసే పని. లక్క, అవిసె నూనె, జాజు ఎర్రమన్ను, సున్నం అన్నీ ఇంట్లోనే వండుతాడు. అడగకపోయినా చెబుతాడు:

"నిజాంసాగర్ బంగ్లల మేజకు లక్క పట్టిచ్చింది నేను! శక్కర్ ఫ్యాక్టరీ పెద్దసారు కుర్సీకి నిగనిగలు తెచ్చింది నేను! ఫ్యాక్టరీ మూతవడ్డది గని నా మెరుపు మూతవడ్డదా?"

"మెరుపు సంగతి నన్నడుగుండ్రి," అంటుంది భార్య రేణుకమ్మ. "రంగు కోసమని పాలన్ని ఇరగ్గొడ్తడు. పెండ్లయినకాంచి మా ఇంట్ల చాయ్‌ల పాలు సూసినోల్లు లేరు."

వానాకాలం వాళ్ళ బెంచీకి పూసిన అవిసె నూనె ఓ పట్టాన ఆరదు. ఇన్సూరెన్స్ మాట్లాడ్డానికి వచ్చిన పరమేశ్వర్ లేవబోతే వెనకాలే బెంచీ కూడా లేచింది. లింబయ్య ఆయన మీదే విరుచుకుపడ్డాడు. "నాకి సూడకుంట ఎట్ల గూసున్నవయ్యా?"

పక్కింటి సురేందర్ చెల్లెలు సుమన ఏడు నెలల బిడ్డతో పుట్టింట్లో ఉంది. మర్నాడు చందూర్ నుంచి అత్తవారు వచ్చి, భోంచేసి, తల్లీబిడ్డలను తీసుకెళ్తారు. వెంట ఊయల తొట్టె పెట్టి పంపకపోతే పుట్టింటికి తలవంపులు. సురేందర్ తొట్టెకు తళతళలాడే ఎర్రరంగు వేసి అరుగు మీద ఆరబెట్టాడు. లింబయ్య వచ్చాడు. నాకాడు. ఉమ్మాడు.

"ఎవడ్రా గిది పూసింది?"

"నేనే కాకా. యూట్యూబ్‌ల సూసి ఏసిన."

"గట్లనా? మిగిలింది గిలాసల పోస్కొని తాగు, సూస్త!"

"రంగెవలన్న తాగుతరా కాకా!"

లింబయ్య తొట్టెను నెత్తిన పెట్టుకుని తన ఇంటికి నడిచాడు.

"కాకా! రేపే చెల్లెను తోలుడు!" అని సురేందర్ వెంటబడేసరికి తలుపు గడియ పడింది. సాయంత్రం దాకా లోపలినుంచి రెండే చప్పుళ్ళు: గీకుడు, తిట్లు.

తెల్లవారి సుమన తల్లి భీమవ్వ పాయసానికి తెప్పించుకున్న పాల కోసం అరుగు మీదికి వెళ్ళింది. క్యాను ఉంది, పాలు లేవు. ఆమెకు అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. గోడ మీంచి కేకేసింది.

"లింబన్నా! మా పాలేవి?"

"తొట్టెకు పట్టిచ్చిన! ఇరగ్గొట్టి, సున్నం గల్పి, జాజు ఏసిన. నా ఇంట్ల పాలు సాలలే!"

"వియ్యపోల్లు వస్తుండ్రు! పాయసం దేనితోని జెయ్యాలె, నీ మొకంతోనా?"

"బెల్లం లేదా? నీల్లు లేవా? మొత్తుకుంటవేంది!"

వియ్యపురాలు సుమిత్రమ్మ పలచటి పాయసం ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. "వదినా, దీంట్ల పాలు మర్సినట్టున్నరు?" భీమవ్వ లింబయ్య గోడ వైపు గుర్రుగా చూసింది. తొట్టె కూడా కనిపించలేదు. సురేందర్ ముఖం మాడిపోయింది.

అప్పుడు లింబయ్య వచ్చాడు, "జరుగుండ్రి! తొవ్విడువుండ్రి!" అని అరుస్తూ. తొట్టె మెరవడం లేదు గాని, జాజు రంగులో నున్నగా పొడిగా ఉంది. అందరి ముందూ దాన్ని నాకాడు. ఈసారి ఉమ్మలేదు.

సుమన బిడ్డను పడుకోబెట్టింది. ఆ పిల్ల బోర్లా తిరిగి, కొయ్యను రెండు చేతులతో పట్టుకుని, కొత్తగా మొలిచిన రెండు పళ్ళూ దింపింది.

"అయ్యో, కొరకద్దు బిడ్డా!" అంది సుమన.

"కొరకనియ్యి!" లింబయ్య గర్జించాడు. "పండ్లొచ్చే పోరి తొట్టె కొరకక మీ అన్న చెవు కొరుకుతదా? గందుకే గదా నిన్నటిసంది గోసవడ్డ! నాకి నాకి నా నాలికె మొద్దువారింది!"

సుమిత్రమ్మ అనుమానంగా చూసింది. "మరి సున్నం?"

"ఆరినంక అది సుద్దే! నువ్వయితే పాన్‌ల పచ్చిదే తింటున్నవ్, నిన్నెవలన్న అడిగిండ్రా?"

ఎర్రటి నోటితో సుమిత్రమ్మ పకపకా నవ్వేసింది. సురేందర్ కుర్చీ జరిపి, నాకే లోపే పాయసం గ్లాసు చేతికిచ్చాడు. లింబయ్య ఒక గుక్క తాగి మండిపడ్డాడు.

"ఏందిరా గిది? చుక్క పాలు లేవు దీంట్ల!"

"పాలన్ని నా మన్మరాలు తింటుంది," అంది భీమవ్వ తొట్టె వైపు చూపిస్తూ. "మూసుకొని తాగు, లింబన్నా."