చిలకలగూడలో ఇడ్లీ బండి, నా పొడుగు ప్రార్థన

లింగంపల్లిలోని మా సంఘంలో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ప్రార్థన చేయడానికి పాస్టర్ గారు వెళతారు. ఈసారి ఆయన గొంతు పూర్తిగా పట్టేయడంతో సంఘ పెద్దనైన నన్ను పంపారు. నిజం చెప్పాలంటే లోలోపల పొంగిపోయాను. మైకు దొరికితే వదలనని మా ఆవిడ ఎప్పుడూ దెప్పుతుంది లెండి. వెళ్ళాల్సింది సికింద్రాబాద్‌లోని చిలకలగూడకు. అక్కడ మా సంఘంలోని సుగుణమ్మ కొత్తగా టిఫిన్ బండి పెడుతోంది. పన్నెండేళ్ళు చేసిన హాస్టల్ వంటపని మానేసి, మెళ్ళో గొలుసు అమ్మి కొనుక్కున్న బండి అది. రైళ్ళకు, ఆఫీసులకు పరుగెత్తేవాళ్ళే గిరాకీ కాబట్టి, మొదటి రోజు నచ్చకపోతే మళ్ళీ ఎవరూ ఆగరని ఆమె భయం. "నువ్వు ప్రార్థన చేసినంకనే ఇడ్లీ మూత తీస్తనన్నా, జెర జల్ది రా," అని రాత్రే ఫోన్ చేసింది.

పొద్దున్నే ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకున్నాను. టికెట్టుకు రెండు టీల ఖర్చు కూడా కాదు, ప్రయాణం ముప్పావుగంట. బేగంపేట దాటేలోపు ప్రార్థనలో ఏమేం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, పదకొండు అంశాలు వచ్చాయి. సికింద్రాబాద్ స్టేషన్లో నిర్మాణ పనుల వల్ల దారులు మారుతున్నాయి. పదో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు బయటపడితే చిలకలగూడ దగ్గర. నేను తెలియక ముందువైపు దిగి ఆటో ఎక్కాల్సి వచ్చింది.

"అరవై ఇయ్యి సార్," అన్నాడు డ్రైవర్ యాదగిరి.

"ఇంత దగ్గరికి అరవయ్యా?"

"గట్లయితే నడువుండ్రి. పానానికి మంచిది."

ఆ జవాబుకు నవ్వొచ్చి ఎక్కేశాను. కొత్త ఇడ్లీ బండికి ప్రార్థన చేయడానికి వెళుతున్నానని చెప్పగానే, "అయితే నేను సుత ఆడనే తింట," అని, అక్కడికి చేరాక ఆటో పక్కన ఆపి నాతోపాటే దిగాడు.

ఏడుంపావు అయింది. బండికి బంతిపూల దండ, పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, పక్కన వేడెక్కుతున్న పెనం. అప్పటికే ఆరుగురు నిలబడి ఉన్నారు. సుగుణమ్మ "వందనాలన్నా, షురూ చెయ్యి," అని కొంగు తలమీదికి లాక్కుంది. నేను కళ్ళు మూసుకున్నాను. సృష్టితో మొదలుపెట్టాను. అరణ్యంలో ఆకలిగొన్నవాళ్ళకు దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారం మీదుగా దేశ నాయకుల దగ్గరికి, అక్కడి నుంచి మిషనరీల దగ్గరికి వచ్చాను. గొంతు కూడా ఆ రోజు భలే పలికింది! ఏడో అంశంలో ఉండగా పక్కనుంచి "ఆమేన్!" అని పెద్ద కేక వినబడింది. అది నేను అనాల్సిన ఆమేన్. కళ్ళు తెరిస్తే ఆరుగురిలో ముగ్గురు లేరు.

"కోపం చెయ్యకన్నా. దేవుడు ఎప్పుడో ఇన్నడు. గాళ్ళకు రైలున్నది," అంది సుగుణమ్మ.

ఇరవై ఏళ్ళలో నా ప్రార్థనను మధ్యలో ఆపిన మనిషి లేడు. ఒళ్ళు మండిపోయింది. ఆమె మూత తీసింది. ఆవిరి ఎక్కువసేపు పట్టి ఇడ్లీలన్నీ బిరుసెక్కాయి. ఒకటి వేలితో నొక్కి చూసి మొత్తం పక్క గిన్నెలో పెట్టేసింది. కొత్త వాయి ఉడకాలంటే పది నిమిషాలు, ఉన్న ముగ్గురూ పోతే ఇక బండి మొదటి రోజే మూత పడ్డట్టే.

"వేడి సాంబారు పోసి ఇచ్చెయ్యమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను మెల్లగా.

"తినేటోళ్ళకు తెలుస్తది. దేవుని పేరు జెప్పి షురూ జేసి గట్టి ఇడ్లీ ఎట్ల పెడ్తనన్నా? ఆయనకే నామోషీ." తర్వాత నావైపు తిరిగి, "ఊకె నిలబడకు, చట్నీ వెయ్యి," అంది.

గరిటె పట్టుకున్నాను. ఆమె ముగ్గురికీ ఉన్న సంగతి చెప్పేసింది. "ఇడ్లీ ఖరాబయింది, పది నిమిషాలు పడ్తది. తొందరున్నోళ్ళకు దోశ ఇప్పుడే ఏస్త." ఇద్దరు దోశకు, ఒకాయన ఇడ్లీకి ఆగిపోయారు. యాదగిరి రోడ్డు మీదికి వెళ్ళి "గరం గరం దోశ!" అని సొంత బండిలాగా అరవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఊపిరి తీసుకునే తీరిక లేదు. నా తెల్ల చొక్కా మీద అల్లం చట్నీ, కాళ్ళకు నొప్పి, అయినా ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తొమ్మిదయ్యేసరికి పిండి అయిపోయింది. ఇడ్లీకి ఆగినాయన చేయి కడుక్కుంటూ, "రేపు మా ఆఫీసోళ్ళు నలుగురిని తోల్కొస్త," అని చెప్పి వెళ్ళాడు. సుగుణమ్మ కళ్ళు తుడుచుకుని, గట్టిగా నవ్వేసింది.

బిరుసు ఇడ్లీలు మేం ముగ్గురం సాంబారులో నానబెట్టుకుని తిన్నాం. యాదగిరి లేస్తూ, "అక్కా, రేపు సుత నేనొస్త. గాని ఈ సార్‌ను మాత్రం పిలవకు," అన్నాడు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

దేవుణ్ణి మహిమపరచడమంటే వేదిక, మైకు, మంచి గొంతు అనుకుని ఇన్నాళ్ళు గడిపాను. సుగుణమ్మ ఒక వాయి ఇడ్లీ పక్కన పెట్టి చేసిన పని నా పదకొండు అంశాల్లో ఎక్కడా లేదు. సిగ్గేసింది, ఆ సిగ్గులోనూ హాయిగానే ఉంది. మీరూ అటు వెళితే పదో ప్లాట్‌ఫామ్ వైపు దిగి నడవండి, ఎనిమిదిలోపు చేరండి. తినేముందు ప్రార్థన చేసుకునే అలవాటుంటే తప్పకుండా చేసుకోండి. కాకపోతే రెండు మాటల్లో ముగించండి, మీ వెనక నిలబడినవాళ్ళకు రైలు ఉండొచ్చు.