ఇయ్యాల ఎవలి దగ్గు, తాతా?

మా టపా తాత పోయాడు. ఆ సంగతి మాకు ఐదు రోజులు ఆలస్యంగా తెలిసింది. శనివారం టపా రాకపోతే, హైదరాబాదు సంచీ సిద్దిపేటకే అందలేదేమో అనుకున్నాం. బుధవారం ఎవరో కొత్తమనిషి వచ్చి సంచీని మా బడి అరుగు మీద దించాడు.

“ముసలాయన పోయిండు. ఇగ నేనే వస్త” అన్నాడు.

మా ఊళ్లో బడీ టపాఖానా రెండూ ఒకటే. పంతులుగా, టపా గుమాస్తాగా ఉన్నది నేనొక్కడినే. కాస్త తేరుకుని ఇంట్లోకి పోయి, నన్ను కన్న అవ్వ దగ్గుమందు సీసా తెచ్చాను. ఇలాంటప్పుడు కూడా సీసా గుర్తొచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది. కానీ అందులో మందు రెండు పూటలకే ఉంది.

కొత్తమనిషి చేతులు అడ్డం పెట్టాడు. “సీసలు గీసలు నాతోని కాదు పంతులూ. కాయిదా లేదు.”

అతనిది తప్పనలేను. సీసాలు మోయవచ్చనే సర్కారు నియమం తాతకు కూడా లేదు. ఉన్నట్టే పదేళ్లు మోశాడు.

సిద్దిపేట దవాఖాన మాకు ఆరు కోసులు, అంటే పన్నెండు మైళ్ల దూరం. డాక్టరును చూడాలంటే బండి దొరకాలి, ఎడ్లు ఖాళీగా ఉండాలి, తెల్లారేసరికే బయలుదేరాలి. ఎండెక్కిన తరువాత పోతే కాంపౌండరు మరునాడు రమ్మంటాడు. ఒకసారి చూపించుకున్న రోగానికి మళ్లీ అదే మందు కావాలంటే మనిషి పోనక్కరలేదు. డాక్టరు రాసిన చీటీ, ఖాళీ సీసా, రోగి ఎలా ఉన్నాడో చెప్పగలిగే ఇంకొక మనిషి ఉంటే చాలు. చిక్కంతా ఆ మూడోదానితోనే. దవాఖాన మెట్లెక్కగానే మావాళ్లకు నోరు పెగలదు. పెగిలితే ఇద్దరే రోగులుంటారు, ఒకడు “బాగనే ఉన్నడు”, రెండోవాడు “సచ్చిపోతుండు”. డాక్టరు పాపం ఏమని రాస్తాడు?

తాత ఉండేది సిద్దిపేటలో. బుధవారం, శనివారం సర్కారు టపా మనిషని తెలిపే గంటల బల్లెం చేతపట్టి మా వైపు వచ్చేవాడు. మా ఊరు దాటి వేములఘాట్ దాకా పోయి, మళ్లీ మా మీదుగానే వెనక్కి మళ్లేవాడు. కుడి భుజాన సర్కారు సంచీ, ఎడమ భుజాన పాత గొంగడి మూట. ఆ మూటలో ఊళ్లవాళ్ల సీసాలు. అతనికి చదువు రాదు కాబట్టి ఒక్కో సీసా మెడకు ఒక్కో రంగు నూలుపోగు కట్టుకునేవాడు. మా అవ్వది పసుపు పోగు.

మొదట్లో అతనూ అందరిలాగే డాక్టరు ముందు నీళ్లు నమిలాడట. డాక్టరుకు చిరాకెత్తి, “దగ్గు ఎట్లుందో సరిగ్గ చెప్పవయ్యా!” అని గదిమాడట. చెప్పడానికి మాటలు దొరక్క తాత దగ్గి చూపించాడు. తలవంచుకుని రాస్తున్న డాక్టరు తలెత్తి, “మల్లొక్కసారి” అన్నాడట. అది మొదలు ఆయన తాతను మాటలడగడం మానేశాడు.

ఆ తరువాత తాతకు అదొక పని అయింది. మా ఇంటికి వచ్చి అవ్వ మంచం పక్కన కూర్చునేవాడు. “చెల్లే, ఒక్కపారి దగ్గు” అనేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. మొదట గొంతులో గీర, తరువాత రెండు పొడి దగ్గులు, చివర్న పిల్లిపిల్ల కూసినట్టు సన్నటి ఈల. ఇదీ మా అవ్వ దగ్గు. తాత అదే దగ్గితే అవ్వే నవ్వేది. “అన్నా, నాకంటె నువ్వే మంచిగ దగ్గుతున్నవు!”

తిరుగుదారిలో, మరిచిపోకుండా, అన్ని దగ్గులూ వరసగా దగ్గుకుంటూ పోయేవాడు. దారిలో కలుపు తీసే ఆడవాళ్లు వదిలిపెట్టేవారు కాదు. “ఇయ్యాల ఎవలి దగ్గు, తాతా?” అని కేకేసేవారు. అతను నిలబడకుండానే, “గిది సాలోళ్ల ముసలామెది, గిది మీ పటేలుది” అని చెప్పుకుంటూ పోయేవాడు.

“నీకెందుకు తాతా ఈ బాధ?” అని ఒకసారి అడిగాను.

“మనిషి పోలేని కాడికి మనిషి దగ్గన్న పోవాలె గద పంతులూ” అన్నాడు. “మందు సీసల ఉండదు. చెప్పేకాడ ఉంటది.”

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎక్కి ఉంటే నేను ఆ పని చేసేవాణ్ణి కాదు. ఇక్కడ నా తప్పు రాసుకోవాలి. అతని మంచితనం మాత్రమే రాసి నన్ను నేను దాచుకుంటే, అది కూడా ఒక అబద్ధమే అవుతుంది.

గడబిడ రోజులవి. బాటల మీద ఎవరు ఎవరిని ఆపుతారో తెలియదు. బండి కట్టమంటే కట్టేవాడు లేడు. ఆ వానాకాలం అవ్వ దగ్గు మారింది. ఈల పోయి, లోపల ఏదో ఉడికినట్టు గురగుర మొదలైంది. ఆ దగ్గు తాత వింటే డాక్టరు ముందు దగ్గుతాడు. డాక్టరు వింటే తోల్కరమ్మంటాడు. ఎలా తీసుకుపోను? భయపడ్డాను. ఆ బుధవారం తాతను అరుగు మీదే ఆపి సీసా చేతిలో పెట్టాను.

“అవ్వ పండుకున్నది తాతా. అట్లనే ఉన్నది, ఏం మారలే.”

తాత నా ముఖం చూశాడు. పంతులు అబద్ధమాడతాడని అనుకోలేదు కాబోలు, పాత దగ్గే దగ్గుకుంటూ పోయాడు. శనివారం పాత మందే తెచ్చాడు. అప్పుడు కూడా అరుగు మీదే అందుకున్నాను.

తరువాతి బుధవారం దాచే వీలు లేకపోయింది. అవ్వ గురగుర బడి దాకా వినబడుతోంది. తాత సంచీ దించకుండానే ఇంట్లోకి పోయాడు. గోడకు ఆనుకుని, నోరు తెరిచి, ఊపిరి కోసం కొట్టుకుంటున్న అవ్వను చూశాడు. బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కోపంతో అతని గడ్డం వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“నీ అబద్ధాన్ని దగ్గిచ్చినవు గద పంతులూ నాతోని!”

వేములఘాట్ సంచీని నా ముందు పడేసి, వచ్చిన దారినే సిద్దిపేటకు తిరిగాడు. మరునాడు పొద్దు నెత్తికెక్కకముందే మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో కొత్త మందు, ఇంకో చేతిలో డాక్టరు రాసిన కాగితం. ఈ రోగిని దవాఖానకు తెస్తున్నారు, దారిలో ఆపవద్దు అని అందులో ఉంది. తానే ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి బండి కట్టించాడు. టపా లేని రోజున ఆ గంటల బల్లెం పట్టుకుని ఆరు కోసులూ బండి ముందు నడిచాడు. గంటల చప్పుడు విని ఎవరూ మమ్మల్ని ఆపలేదు. అవ్వ ఇరవై రోజులు దవాఖానలో ఉండి, నడిచి బయటికి వచ్చింది. వేములఘాట్ టపా ఎందుకు ఆలస్యమైందని పైవాళ్లు అడిగితే తాత ఏమి చెప్పుకున్నాడో నాకు చెప్పలేదు. నా అబద్ధం సంగతి అవ్వకూ చెప్పలేదు.

ఈ మధ్య కొన్ని నెలలుగా అతని దగ్గుల్లో ఒక కొత్త దగ్గు చేరింది. లోతైన దగ్గు. నడుం దగ్గర మొదలై, భుజాలను ముందుకు వంచి, చివర్న ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు ఉండేది. “గిది ఎవలిది తాతా?” అని మేమంతా అడిగాం. “బెజ్జంకి దిక్కు చుట్టమొకాయినది” అన్నాడు. ఇంకోసారి అడిగితే ఇంకెవరి పేరో చెప్పాడు. “మస్తు కుదిరింది తాతా” అని మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకున్నాను! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక సంగతి నా కంట పడింది, మనసుకు పట్టలేదు. దగ్గులు మోసుకుపోయేది మా ఊళ్ల నుంచి సిద్దిపేటకు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఎవరి దగ్గూ గుర్తుంచుకునే పని లేదు. తాత ఈ దగ్గును వచ్చేటప్పుడు కూడా దగ్గేవాడు. చింతచెట్ల మలుపులో గంటల కంటే ముందు ఆ దగ్గు వినబడేది. అవ్వ మందు వచ్చిందని సంతోషపడేవాణ్ణి.

కొత్తమనిషి సీసా వద్దన్న మరునాడు నేనే చీకటితో లేచి సిద్దిపేటకు నడిచాను. దవాఖాన ముందు నుంచి చూస్తే తాత ఉండే వాడకట్టు కనబడుతుంది. అంత దగ్గర. నా వంతు వచ్చాక డాక్టరు పసుపు పోగును గుర్తుపట్టాడు.

“మీ టపా ముసలాయన ఏడి?”

“పోయిండు సాబ్. శుక్రారం.”

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. “ఏమైండె?”

“తెల్వది సాబ్. పానం బాగలేకుండె అన్నరు.”

ఆయన అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత చీటీ ముందుకు లాక్కుని, “మీ అవ్వ దగ్గు ఎట్లుంది?” అన్నాడు.

పిల్లలకు ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నాకూ మాటలు దొరకలేదు. తాతలాగే దగ్గి చూపిద్దామని కళ్లు మూసుకున్నాను. గొంతులో గీర, రెండు పొడి దగ్గులు, ఈల అనుకుంటూ నోరు తెరిచాను. అది రాలేదు. నెలల తరబడి నా చెవుల్లో పడినది వచ్చింది. నడుం దగ్గర మొదలై, నా భుజాలను ముందుకు వంచి, చివర్న ఊపిరి ఆగి.

కళ్లు తెరిచేసరికి డాక్టరు లేచి నిలబడి ఉన్నాడు.

“గిది మీ అవ్వది కాదు. ఎవలిది? ముసలాయన గీ దగ్గు నా ముంగట ఎన్నడు దగ్గలే. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు మీరు? గా మనిషిని ఇయ్యాలనే తోల్కరావాలె.”

ఆయన గబగబా కూర్చుని కొత్త చీటీ తీసుకున్నాడు. కలం సిరాలో ముంచి కాగితం మీద ఆనించాడు.

“పేరు చెప్పు పంతులూ.”

నేను సీసాను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత కిటికీలోంచి తాత వాడకట్టు వైపు చూశాడు. కలం కదలలేదు. పేరు రాయాల్సిన చోట సిరా మెల్లగా పరుచుకుంటూ పోయింది.