పట్టు ఉడికిన నీళ్లు, మైసూరు తీగ

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మనిషి మా అమ్మకు మాట ఇచ్చి తప్పినాడు... ఇన్నేళ్లకు దాన్ని రాయాల్సిన పని ఎందుకొచ్చిందో చివర్లో చెప్తాను.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. నాయన నేసేవాడు. చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పెరట్లో పొయ్యి పెట్టి పట్టుకు రంగులేసేవాడు. నాయన అప్పుడప్పుడు చీరలు మోసుకుని కర్ణాటకలో మలెనాడు కొండల వైపు అమ్మకానికి పోయేవాడు. ఒకసారి అక్కడ ఎవరో గౌడ ఇంటి ముందు పందిరి నిండా ఒక తీగ చూసి, దాని కొమ్మ అడుక్కొని, తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చినాడు.

"పూలు మూరెడు పొడుగు వేలాడతాయే. సగం పసుపు, సగం ఎరుపు. మన చీర కొంగు గాలికి ఊగినట్టే ఉంటాది" అని అమ్మతో చెప్పినాడు... అంతే, అమ్మకు అది పట్టుకుంది.

దాని పేరు మాకెవరికీ తెలీదు. మైసూరు తీగ అనేవాళ్లం. పడమటి కనుమల తేమలో పుట్టిన జాతి అని చాలా ఏండ్ల తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. అట్లాంటిదాన్ని అనంతపురం ఎండలో బతికించాలని కూర్చుంది, బడి ముఖం చూడని మా అమ్మ.

పెరట్లో నాటి, పడమటి ఎండ తగలకుండా జొన్న దంటుతో తడిక కట్టింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు... అన్నీ దానికే. మా ఇంట్లో తిన్నవాళ్లు ఎవరైనా సరే చెయ్యి దాని మొదట్లోనే కడుక్కోవాలి. చీరల బేరానికొచ్చిన పెద్ద పెద్ద షావుకార్లు కూడా పంచె ఎగ్గట్టి ఆ తీగ ముందర వంగాల్సిందే. మాకు అది చూస్తే నవ్వు...

పక్కింటి రామక్క ఊరుకుంటుందా? "మనుషులకు ల్యాని నీళ్లు తీగకు పోస్తాండావే, అది రేపు నీకు కూడు పెడ్తాదా?" అని ఎత్తిపొడిచింది.

"కూడు పెట్టేకి మగ్గం ఉండాది లే అక్కా... ఇది చూసేకి" అనింది అమ్మ.

మూడో ఏడు చలికాలంలో మొగ్గ గొలుసులు దిగినాయి. సన్నగా, దారం మీద పూసలు గుచ్చినట్టు... అమ్మ పొద్దున లేస్తూనే వాటి కిందికి పోయి నిలబడేది. సరిగ్గా అప్పుడే ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. అనంతపురం పెద్దాసుపత్రిలో ఆపరేషన్. నాయన ఆమె దగ్గర ఉండాలి. నన్ను గార్లదిన్నెలో అవ్వ దగ్గరికి పంపినారు.

బండి ఎక్కేముందు అమ్మకు తన కడుపు గురించి బెంగ లేదు. మొగ్గల గురించే. చిన్నాయన ముందుకొచ్చి, "నువ్వు నిమ్మళంగా పో వొదినా. దినామూ రెండు బిందెలు కొళాయి నీళ్లు నేను పోస్తా. ఇది నా మాట" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఆసుపత్రికి ఎవరు పోయినా అమ్మ అడిగింది ఒకటేనంట... మొగ్గలు విచ్చుకున్నాయా అని. చిన్నాయన కూడా ఒకసారి పోయి, బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పి వచ్చినాడంట.

ఆమె ఇంటికొచ్చిన రోజే నన్నూ తెచ్చినారు. కుట్లు పచ్చిగా ఉన్నా నాయన చెయ్యి పట్టుకుని నేరుగా పెరట్లోకే పోయింది. ఆకులు కాలినట్టు ముడుచుకున్నాయి. మొగ్గలు కింద రాలి ఎండిపోయినాయి. తీగ మొదలు చుట్టూ మట్టి మీద తెల్లటి పొర. వంగలేక, నన్ను పిడికెడు మట్టి తీసివ్వమనింది. వాసన చూసింది. సబ్బు, సోడా...

చేనేత ఇండ్లల్లో పుట్టినోళ్లకు చెప్పక్కర్లేదు. పట్టు జిగురు పోయేకి సబ్బూ సోడా వేసి ఉడకబెడతారు. ఆ నీళ్లు పారే కాలువ పక్కన గడ్డి కూడా మొలవదు. అది మా వీధిలో పాలు తాగే పిల్లోనికి కూడా తెలుసు.

"ఏం పోసినావప్పా?" అని మెల్లగా అడిగింది అమ్మ.

చిన్నాయన రంగు బాన మీంచి తల కూడా ఎత్తలేదు. "కొళాయి కాడ వరసలో ఎవరు నిలబడ్తారు వొదినా... పట్టు ఉడకబెట్టినవి ఆరినాక పోసినా. నీళ్లు నీళ్లే గదా, తీగకేమన్నా నాలుక ఉండాదా రుచి చూసేకి?" అని నవ్వినాడు.

నాయన తమ్మున్ని ఒక్క మాట అనలేదు. "పోనీలే, కరువు కాలం... యాడ బతుకుతాది" అన్నాడు. వీధి వీధంతా అదే మాట. మా సీమలో ఏది చచ్చినా కరువు మీద తోసేస్తే సరిపోతుంది. కరువు ఎదురు మాట్లాడదు కదా...

ఆ రాత్రి అన్నం తిన్నాక అమ్మ ఎప్పటిలాగే పోయి ఆ మోడు దగ్గరే చెయ్యి కడుక్కుంది. అది ఎండి విరిగిపడేదాకా అక్కడే కడుక్కుంది. ఇంకో కొమ్మ తెస్తానని నాయన అంటే వద్దనింది. ఆ పూలు చూడకుండానే పోయింది.

క్షమ గురించి నేను చాలా పుస్తకాలే చదివినాను. రాసినోళ్లెవరూ ధర్మవరంలో కొళాయి వరసలో నిలబడినోళ్లు కాదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే... మొన్న చిన్నాయన మనవడు ఈ గ్రూపులోనే ఒక ఫోటో పెట్టినాడు. వాని మిద్దె మీద మైసూరు తీగ. ఫోన్లో తెప్పించుకున్నాడంట, పైపు చుక్కచుక్కగా నీళ్లు వదుల్తా ఉంది. మూరెడు గొలుసులు, పసుపూ ఎరుపూ, ఒక తేనెపిట్ట... నాయన చెప్పినట్టే, చీర కొంగు మాదిరి. కింద వాడు రాసిన మాట: "మొక్కల మీద ప్రేమ మా తాత నుంచి వచ్చింది."

దాని కింద వందమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు.

ఒరే అబ్బాయీ, నీ పూలు బాగున్నాయి. వాటికి నీళ్లు మాన్పొద్దు. మీ తాత మాట మాత్రం తీసెయ్.

మీ పెరట్లో కూడా ఇట్లా కరువు ఖాతాలో రాసేసిన చెట్టు ఒకటి ఉండే ఉంటుంది... గుర్తొస్తే కింద రాయండి. చెట్టు పేరుతో పాటు, దాన్ని చంపిన మనిషి పేరూ రాయండి. నాది నేను రాస్తున్నాను.

మైసూరు తీగ. మా చిన్నాయన, ఓబులేసు.