అగ్గిపుల్లా, అల్లం కవరూ

ఇప్పుడంటే రెండో అంతస్తు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినవాడిలా కాసేపు గోడ వైపు చూస్తున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు వేగం తప్ప మరో గుణం ఉండేది కాదు. అన్నం వడ్డించడం పూర్తయ్యేలోపు సగం తినేసేవాణ్ణి. ఎదుటివాడు మాట పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పేసేవాణ్ణి (చాలాసార్లు వాడు అడగబోయింది వేరే ఉండేది). ఎవరైనా గట్టిగా మాట్లాడితే అంతకు రెట్టింపు గట్టిగా తిరగబడేవాణ్ణి. కానీ అదే మనిషి కాస్త మెత్తగా ఒక్క మాటంటే చాలు, అక్కడికక్కడే కూలబడిపోయేవాణ్ణి. మా అక్క వచ్చిన చుట్టాలందరికీ ఇదే చెప్పేది: "వీనితోని లొల్లి వెట్టుకోకున్రి. జర మంచిగ మాట్లాడున్రి, ఆడ్నే సొమ్మసిల్లి పడ్తడు." అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అక్క వెంటనే "మా తమ్ముడు బంగారం" అనేది. నేను పడిపోయేవాణ్ణి.

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరిన కొత్తల్లో మా బస్సు నిండా ఒకే పిచ్చి ఉండేది: ఫోన్లో భూతాల కుస్తీ. చెరో మూడు భూతాలను తెచ్చుకోవాలి, ఒక్కొక్కదాన్నీ దించి కొట్టించాలి, ఎవరి మూడూ ముందు పడిపోతే వాళ్లు ఓడినట్టు. ఏ భూతానికి వేగం ఎక్కువో అది ముందు కొడుతుంది. ఇంకేం, నేను మనసు పారేసుకోవడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. ఆటలో అన్నిటికంటే వేగమైనదాన్ని వెతికి పట్టుకున్నాను. ముంగిసలా బక్కగా ఉండేది, తోక చివర నిప్పు. దాని దెబ్బకు మామూలు భూతాలు ఒక్క దెబ్బలో పోయేవి. కాకపోతే దాని మీద ఎవరైనా చెయ్యేస్తే అదీ పోయేది. ఒంట్లో పస అన్నది లేదు. దానికి అగ్గిపుల్ల అని పేరు పెట్టాను. వారం తిరక్కుండా బస్సులో నా పేరు కూడా అదే అయింది.

అలాంటిదాన్ని ఆడించడం అందరూ అనుకున్నంత తేలిక కాదు. దెబ్బ పడే చోట దించకూడదు, ముందున్నవాళ్లు పడ్డాక ఖాళీ చూసి దించాలి. నేను ఇంకో ఏర్పాటు కూడా చేశాను. ఆటలో తాయెత్తు ఒకటి దొరికేది. అది మెడలో ఉంటే ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒక్కసారికి మాత్రం కొనఊపిరితో నిలబెడుతుంది, రెండోసారికి పనిచెయ్యదు. దాన్ని అగ్గిపుల్ల మెడలో కట్టేశాను. (ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. చిరాగ్‌పల్లిలో మాది వారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు. ఫోన్లో ముంగిసకే అయినా తాయెత్తు కట్టానంటే ఊరుకునేది కాదు.)

బస్సులో నన్ను ఓడించేది ఒకే ఒక్కడు, నిదానం అన్న. న్యాల్‌కల్ వైపు ఊరు. లైన్లో చక్రాలు బిగించే చోట మేమిద్దరమే ఉండేవాళ్లం, కుడి చక్రం ఆయనది, ఎడమ చక్రం నాది. నేను నా బోల్టులు బిగించేసి, చేతులు దులుపుకుని, ఈల వేస్తూ నిలబడితే, ఆయన ఒక్కో బోల్టునూ పలకరిస్తున్నట్టు బిగించేవాడు. ఆఖర్న నా వైపు వచ్చి, నేను వదులుగా వదిలేసిన బోల్టును కూడా ఏమీ అనకుండా బిగించి వెళ్లేవాడు. ఆయన భూతం పేరు బండోడు. వీపు మీద బండరాయి మోసే తాబేలు. కదలడానికే దానికి బద్ధకం. అగ్గిపుల్ల కొట్టిన దెబ్బకు సగం పైనే ప్రాణం పోయినా కంగారు పడేది కాదు. సంచిలోంచి ఒక ఆకు తీసి నమిలేది, మళ్లీ నిండు ప్రాణం. మళ్లీ కొడితే మళ్లీ ఆకు. ఈలోపు కంపెనీ గేటు వచ్చేసేది. గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో వేసి లోపలికి పోవాలి కాబట్టి మా బస్సుకో చట్టం ఉండేది: గేటు వచ్చేసరికి ఎవరివి ఎక్కువ మిగిలితే వాళ్లే గెలిచినట్టు, చెరొకటే మిగిలితే ఎవరి భూతానికి ప్రాణం ఎక్కువుంటే వాళ్లు. ఆకు నమిలిన బండోడికే ఎప్పుడూ ఎక్కువుండేది. "గేటొచ్చింది తమ్మీ" అని ఆయన మెల్లగా ఫోను జేబులో పెట్టుకుంటుంటే నాకు ఆ గేటును పీకి అవతల పారెయ్యాలనిపించేది.

అట్లా ఉండగా క్రిస్మస్ దగ్గర పడింది. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం మా చర్చిలో నాటకం. ఇందులో నా చరిత్ర మీకు కొంచెం చెప్పాలి. నేను చిన్నప్పుడు గొర్రెగా మొదలుపెట్టాను. చాలా ఏళ్లు గొర్రెగానే ఉన్నాను. తర్వాత గొర్రెల కాపరిగా ప్రమోషన్ వచ్చింది, డైలాగు మాత్రం రాలేదు. ఆ ఏడు మొదటిసారి తూర్పు దేశపు జ్ఞానిని అయ్యాను, ముగ్గురిలో మూడోవాణ్ణి. మొదటివాడు బంగారం, రెండోవాడు సాంబ్రాణి తెస్తే, బాలయేసుకు బోళం అనే సుగంధపు బంక తెచ్చేవాణ్ణి. అమ్మ తన పాత పట్టుచీర కోసి అంగీ కుట్టింది. దూదితో గడ్డం తయారైంది. చూడ్డానికి రమ్మని అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఆ రోజు నాది మధ్యాహ్నం షిఫ్టు. లీవు దొరక్కపోతే అమ్మ ముఖం ఎట్లా చూడాలో తెలియదు.

లీవులిచ్చే సూపర్‌వైజర్ సారు దగ్గరికి పోతే, నిదానం అన్న అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, అదే రోజుకు లీవు కావాలని. ఆయన అల్లం తవ్వాలి. "గా ఒక్క రోజే కూలోళ్లు దొరికిన్రు సార్. తెల్లారి నుంచి అందరు చెరుకు కొట్టుడుకు పోతరు. ఇప్పుడు తవ్వకుంటే సేటు లారీ గూడ రాదు" అని చెప్తున్నాడు. సారు ఇద్దర్నీ చూసి, "ఒక్కలకైతే ఇస్త. ఇద్దరు పోతే చక్రాలు నేను బిగియ్యాల్నా? మీరే తేల్చుకోని చెప్పున్రి" అని ఫైలు మూసేశాడు. ఆ మాట బస్సు దాకా రావడానికి ఎంతో సేపు పట్టలేదు. తేల్చుకోవడం అంటే మా బస్సుకు ఒకటే అర్థం. మర్నాడు పోయేటప్పుడు ఒకే ఒక్క ఆట, గెలిచినవాడికి లీవు.

మర్నాడు బస్సులో కూర్చున్నవాడు లేడు, అందరూ మా సీటు చుట్టూ నిలబడ్డారు. డ్రైవర్ మామ కూడా అద్దంలోంచి మా వైపే చూస్తున్నాడు (మధ్యమధ్యలో రోడ్డు వైపు కూడా చూశాడనే నా నమ్మకం). నేను అలవాటు ప్రకారం తొందరపడి మొదటి రెండు భూతాల్నీ పోగొట్టుకున్నాను. ఖాళీ చూసి అగ్గిపుల్లను దించాను. అది ఆయన మొదటిదాన్ని ఒక్క దెబ్బకు, రెండోదాన్ని ఒక్క దెబ్బకు పడగొట్టింది. బస్సు ఊగిపోయింది. అప్పుడు బండోడు దిగాడు. నేను కొట్టాను, వాడు ఆకు నమిలాడు. నేను కొట్టాను, వాడు నమిలాడు. వాడు నన్ను కొడదామంటే, తాయెత్తు వల్ల రెండు దెబ్బలు కావాలి, ఈలోపు నేను వాణ్ణి పడేస్తాను. నేను వాణ్ణి పడేద్దామంటే ఆకు అడ్డం. కిటికీలోంచి చూస్తే గేటు ముందరి మలుపు కనబడుతోంది. నా కళ్ల ముందు పట్టు అంగీ, దూది గడ్డం ఎగిరిపోతున్నాయి.

సరిగ్గా అప్పుడు బస్సు ఆగిపోయింది. ముందు చెరుకు ట్రాలీ ఒకటి రోడ్డుకు అడ్డంగా బోల్తా పడి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, రోడ్డంతా చెరుకే. అటు లారీలు, ఇటు లారీలు. మామ ఇంజను ఆపేసి, "ఇగ అయ్యింది. చెరుకు తిన్రి" అన్నాడు. కొందరు నిజంగానే దిగి తలో గడా విరుచుకొచ్చారు. నేను ఆ ట్రాలీనీ, దాన్ని లాగిన ట్రాక్టర్నీ (మేం చేసినదే అయి ఉంటుంది, ఎడమ చక్రం నా చేతిదేమోనన్న అనుమానం కూడా ఒక క్షణం వచ్చింది) మనసులో తిట్టుకుంటూ కొడుతూనే ఉన్నాను, వాడు నములుతూనే ఉన్నాడు. చుట్టూ మనుషులు కూడా చెరుకు నములుతున్నారు. అట్లా ఎంతసేపు గడిచిందో తెలియదు, ఉన్నట్టుండి ఒకడు బండోడి సంచి వైపు వేలు చూపించి, "అరె, ఆకులు ఒడుస్తున్నయ్ రా!" అని అరిచాడు. చూస్తే నిజమే. ఆ ఆకులకు ఒక లెక్క ఉంటుందనీ, అవి అయిపోతాయనీ మాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంతసేపు మా బస్సు ఎప్పుడూ ఆగలేదు. నా జన్మలో మొదటిసారి నేను ఆలస్యం కావాలని దేవుణ్ణి వేడుకున్నాను. అవతల ట్రాలీని లేపడానికి క్రేన్ వచ్చిందంటే, దాన్ని కూడా వెనక్కి పంపెయ్యమని వేడుకున్నాను.

ఆఖరి ఆకు అయిపోయింది. నేను కొట్టాను. బండోడు ఇక నమలడానికి ఏమీ లేక, వీపు మీది బండ తీసి అగ్గిపుల్ల మీద వేశాడు. తాయెత్తు తెగింది. గడ్డిపోచంత ప్రాణంతో అగ్గిపుల్ల లేచి నిలబడింది. తర్వాతి దెబ్బ ముందు కొట్టేది వేగమున్నవాడే కదా. కొట్టాను. బండోడు మెల్లగా, వాడి పద్ధతిలోనే, పక్కకు ఒరిగాడు. నన్ను పైకెత్తారు, నా తల బస్సు టాపుకు తగిలింది, నేను పట్టించుకోలేదు.

కిందికి దింపేసరికి నిదానం అన్న ఫోన్లో ఇంటికి మాట్లాడుతున్నాడు. వదినతో కన్నడం, మధ్యమధ్య తెలుగు. నాకు అర్థమైంది కొంతే: కూలోళ్లకు వద్దని చెప్పు, ఈసారి పోతే పోయింది. ఫోను పెట్టేసి నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ ఆడినవ్ తమ్మీ. అమ్మ సంతోషపడ్తది. అల్లందేముంది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంతే. ఆయన తిట్టి ఉంటే, గొణిగి ఉంటే, ముఖం మాడ్చుకుని ఉంటే నేను ఎంత సేపైనా నిలబడేవాణ్ణి. "లీవు నువ్వే తీస్కో అన్నా" అని నా నోరు నాకంటే ముందు అనేసింది. వెంటనే వెనక సీటులోంచి ఎవరో గట్టిగా అరిచారు: "పాయె! పడిపోయింది రా అగ్గిపుల్ల!" నవ్వులు గేటు దాకా ఆగలేదు.

క్రిస్మస్ ముందు రోజు నేను రెండు చక్రాల మధ్య నిలబడి నాటకం తలుచుకుంటూ బోల్టులు బిగిస్తున్నాను. ఇంట్లో అమ్మ అంగీ మడిచి పెట్టెలో పెట్టింది, అంతకంటే ఘోరం ఏముంటుంది. టీ బ్రేకు అయ్యాక చూస్తే నిదానం అన్న నడిచొస్తున్నాడు, గోళ్ల నిండా ఎర్రమట్టి. "కూలోళ్లు జల్ది ఒడగొట్టిన్రు. సారుకు చెప్పిన, మిగిలింది నేన్ జూస్కుంట. నువ్వు నడువు" అని నా చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టాడు. "పచ్చి అల్లం. అమ్మకియ్యి." నేను పరిగెత్తాను. గేటు దగ్గర ఫోను తీసుకుని, వస్తున్నానని అమ్మకు చెప్పి, హైవే మీద లారీ ఆపాను. జ్ఞానులు ఒంటెల మీద వచ్చారంటారు, నేను ఉల్లిగడ్డల లారీలో చిరాగ్‌పల్లి చేరాను.

చర్చిలోకి పోయేసరికి మొదటి ఇద్దరు జ్ఞానులూ కానుకలిచ్చేసి, మూడోవాడి కోసం గుమ్మం వైపు చూస్తూ మోకాళ్ల మీద ఉన్నారు. అందరికంటే వేగమైనవాడే ఆఖర్న వచ్చాడు. నాటకం నేర్పే అక్క, అమ్మ పెట్టెలోంచి తీసి తెచ్చిన అంగీ తొడిగింది, గడ్డం అతికించింది, వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి తోసింది. బాలయేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి ముందు మోకరించాక గానీ తెలియలేదు, బోళం డబ్బా తీసుకోలేదని. చేతిలో ఉన్నది కవరు. వెనక్కి పోలేను. "బాల రాజా, నా కానుక" అని గంభీరంగా చదివి దాన్నే తొట్టి దగ్గర పెట్టాను. మరియమ్మ వేషంలో ఉన్న మా అక్క బిడ్డ కవరులోకి తొంగి చూసి, చర్చంతా వినబడేలా, "మామా, ఇది అల్లం కద!" అంది. ఇక పడిపోవడమే అనుకుంటుండగా ముందు వరసలోంచి మా అమ్మ గొంతు వినిపించింది: "ఉండనీ బిడ్డా. బాలింతకు అల్లం కన్న మంచిదేముంటది?" చర్చిలో ఉన్న పెద్దమ్మలంతా అవునవునన్నారు. పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకోలేక బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

నిదానం అన్న ఇప్పుడు కంపెనీ పని మానేసి అల్లం చూసుకుంటున్నాడు. ఆ ఆట ఇప్పుడు ఎవరూ ఆడరు. నా ఫోన్లో మాత్రం ఉంది, తెరిస్తే అగ్గిపుల్ల తోక ఊపుతుంది, కాసేపు చూసి మూసేస్తాను. ప్రతి డిసెంబర్లో ఆయన పొలం నుంచి ఒక కవరు వస్తుంది. మా చర్చిలో మూడో జ్ఞాని ఇప్పటికీ అల్లమే తెస్తాడు, ఎందుకని అడిగేవాళ్లు కూడా లేరు. పోయిన ఏడు సండే స్కూలు పరీక్షలో, జ్ఞానులు తెచ్చిన కానుకలేవని అడిగితే ఒక పాప లేచి, "బంగారం, సాంబ్రాణి, అల్లం" అని గడగడా చెప్పింది. అయ్యగారు మార్కు వెయ్యాలా వద్దా అన్నట్టు నా వైపు చూశారు. తప్పు సరిదిద్దుదామని గబుక్కున లేచాను. "కరెక్టే కద అంకుల్?" అంది పాప, మెత్తగా, నా ముఖంలోకి చూస్తూ. కరెక్టేనమ్మా అని కూర్చున్నాను.